ఎరేజ్ కొట్టినా మళ్ళీ వెలిగే ఇంజన్ లైటు: సెకండ్ హ్యాండ్ డీజిల్ లారీలో అసలు లోపం పట్టుకోవడం

విజయవాడ ఆటోనగర్‌లో నేను చేసేది లారీల కరెంటు పని, స్కానింగు. రోజూ వినే మాట ఒకటుంది: "మేస్త్రీ, ఇంజన్ బొమ్మ మళ్ళీ వచ్చింది. ఎరేజ్ కొట్టెయ్, సాయంత్రం లోడెక్కాలి." ఎరేజ్ అంటే ఈసీఎంలో, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్‌లో, పడిన లోపాల కోడ్లను స్కానర్‌తో చెరిపేయడం. కొడితే లైటు పోతుంది, అందులో అబద్ధం లేదు. బండి హైదరాబాద్ రోడ్డెక్కి చిల్లకల్లు టోల్ దాటేలోపు మళ్ళీ వస్తుంది.

ఎరేజ్ కొడితే పోయేది లైటొక్కటే అయితే బాధ లేదు. లోపం జరిగినప్పుడు ఇంజన్ ఎంత ఆర్‌పీఎంలో ఉంది, నీళ్ళ వేడి ఎంత, లోడు ఎంత అని ఈసీఎం దాచిపెట్టుకున్న వివరాలు కూడా దాంతోపాటే పోతాయి. ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు దాన్ని. అందుకని మొదట చేయాల్సింది కోడ్లన్నీ, ఫ్రీజ్ ఫ్రేముతో సహా, ఫోనులో ఫొటో తీసి పెట్టుకోవడం. 'యాక్టివ్' కింద ఉన్నవి ఇప్పుడున్న లోపాలు, 'ప్రీవియస్' కింద ఉన్నవి ఇదివరకటివి. రెండూ తీయండి. ఆ తర్వాతే ఎరేజ్. కొట్టాక లైటు ఎప్పుడు తిరిగొచ్చిందో డ్రైవరు కచ్చితంగా చూసి చెప్పాలి. నాకు కోడ్ నంబరు కంటే ఆ కబురే ఎక్కువ పనికొస్తుంది.

లైటు ఎప్పుడు తిరిగొస్తోంది?

తాళం తిప్పగానే లైటు ఒకసారి వెలగడం మామూలే. ఇంజన్ స్టార్ట్ కాకముందే కోడ్ మళ్ళీ యాక్టివ్‌లో పడితే అది దాదాపుగా కరెంటు వ్యవహారం. వైరు తెగి ఉంటుంది, ఎక్కడో రాసుకుని ఛాసిస్‌కి తగులుతుంటుంది, లేదా సెన్సర్ లోపలే చచ్చి ఉంటుంది. సెన్సర్ వైర్ల వోల్టేజీని ఈసీఎం తాళం పడగానే చూసుకుంటుంది కాబట్టి ఆ లోపం బయటపడటానికి బండి కదలక్కర్లేదు.

ఖాళీగా బాగానే తిరిగి, లోడు మీద దోర్నాల ఘాటు లాంటి ఎత్తు ఎక్కేటప్పుడే వస్తోందంటే డీజిల్, గాలి, టర్బో వైపు చూడాలి. ఇంజన్ ఎక్కువ అడిగినప్పుడే ఆ కొరత తెలుస్తుంది.

ఒకటి రెండు రోజులు మామూలుగా నడిచి, పొగ లేకుండా, పికప్ తగ్గకుండా వస్తే సైలెన్సర్ వైపు అనుమానించండి. పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను కొలిచే నాక్స్ సెన్సర్, సైలెన్సర్ బాగా వేడెక్కి లోపలి తేమ ఆరేదాకా పనే మొదలుపెట్టదు. పైగా ఇలాంటి లోపాలను ఈసీఎం ఒక్కసారికే నమ్మదు, రెండు మూడు ట్రిప్పుల్లో మళ్ళీ కనబడ్డాకే లైటు వేస్తుంది. "మీరు ఎరేజ్ చేశాక రెండ్రోజులు బాగుంది" అని డ్రైవర్లు అనేది చాలాసార్లు ఈ రకానికే. బాగుండటం కాదది, ఈసీఎం ఇంకా లెక్క తేల్చుకోలేదు, అంతే.

ఇక వానలో వచ్చి ఎండలో పోయేది, గతుకుల్లో వచ్చి హైవే మీద పోయేది ఉంటుంది. అది కప్లరో (వైర్లు కలిసే ప్లగ్గు) ఎర్తో. దానికి పార్టు కొనకండి.

కోడ్‌లో రెండో సగం

చిన్న బండ్లకు, పికప్‌లకు ఎక్కువగా పి అక్షరంతో మొదలయ్యే కోడ్లు వస్తాయి: పి0087 అంటే రైలులో, అంటే ఇంజెక్టర్లకు డీజిల్ పంచే గొట్టంలో, ప్రెషర్ తక్కువ, పి0299 అంటే టర్బో గాలి చాలడం లేదు, పి0401 అంటే పొగలో కొంత మళ్ళీ ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్‌లో ప్రవాహం చాలడం లేదు, పి20ఈఈ అంటే యూరియాతో పొగను శుభ్రం చేసే ఎస్‌సీఆర్ నాక్స్‌ను తగ్గించలేకపోతోంది. పెద్ద లారీల్లో రెండు నంబర్లుంటాయి. ఎస్‌పీఎన్ ఏ చోట అని చెబుతుంది, ఎఫ్‌ఎంఐ ఎలాంటి లోపమో చెబుతుంది. అందరూ మొదటిది చూసి ఆగిపోతారు. ఎస్‌పీఎన్ 157 రైలు ప్రెషర్ అని కనబడగానే "పంపు పోయింది, పంపు–నాజిల్ పని చేయించాలి" అనేస్తారు. రెండో నంబరు 3 ఉంటే వోల్టేజీ ఎక్కువ, 4 ఉంటే తక్కువ, 5 ఉంటే వైరు తెగినట్టు. ఈ మూడింట్లో ఏది ఉన్నా పంపు మీద చెయ్యి వేయకండి, మీటరు తీయండి. 0, 1, లేదా 15 నుంచి 18 మధ్య ఉంటే సెన్సర్ చెబుతున్నది సరైన రీడింగే, ప్రెషరో వేడో నిజంగానే హద్దు దాటింది. అప్పుడు మెకానిక్ పని. 2 అంటే రీడింగ్ నిలకడగా లేదు, లూజు కాంటాక్టు మీద మొదటి అనుమానం. 9 అంటే ఆ సెన్సర్ నుంచి రావాల్సిన మెసేజీలు సరిగా రావడం లేదు. 7 అంటే ఈసీఎం కదలమంటే ఆ భాగం కదల్లేదు, ఈజీఆర్ వాల్వు మసితో బిగుసుకుపోతే ఇలా వస్తుంది.

స్కానర్ గురించి ఒక హెచ్చరిక. ఆన్‌లైన్‌లో దొరికే చవక బ్లూటూత్ ముక్కలు ఎక్కువ భాగం 12 వోల్టుల కార్ల కోసం చేసినవి. 24 వోల్టుల లారీకి పెడితే కాలిపోవచ్చు, కాలకపోయినా పెద్ద లారీ భాష దానికి అర్థం కాకపోవచ్చు. కొనేముందు 24 వోల్టులు, జే1939 (అదే ఆ లారీ భాష) అని రాసి ఉందో లేదో చూడండి. లైవ్ డేటా, అంటే సెన్సర్లు ఆ క్షణాన చెప్పే రీడింగులు, చూపించని స్కానర్ నా లెక్కలో స్కానరే కాదు.

పొద్దున్నే, సెల్ఫ్ కొట్టకముందు

పైసా ఖర్చు లేని పరీక్ష ఇది. బండి రాత్రంతా ఆగి ఉండాలి. పొద్దున తాళం ఆన్ చేసి, సెల్ఫ్ కొట్టకుండా లైవ్ డేటా తెరవండి. ఇంజన్ నీళ్ళ వేడి, లోపలికెళ్ళే గాలి వేడి, డీజిల్ వేడి, మూడూ బయటి వాతావరణానికి దగ్గరగా, ఒకదానికొకటి రెండు మూడు డిగ్రీల తేడాలో ఉండాలి. రెండు 29 చూపిస్తూ మూడోది 52 చూపిస్తే దొంగ దొరికినట్టే. టర్బో బూస్ట్ సెన్సర్ దగ్గర ఇంజన్ తిరగనప్పుడు ఉండేది మామూలు గాలే కాబట్టి, అసలు ప్రెషర్ చూపించే స్కానర్‌లో బెజవాడ లాంటి పల్లపు ఊళ్ళలో 100 కిలోపాస్కల్ దగ్గర, అంటే ఒక బార్ చూపించాలి. కొన్ని స్కానర్లు వాతావరణ ప్రెషర్ తీసేసి చూపిస్తాయి, వాటిలో సున్నా. రైలు ప్రెషర్ సున్నా దగ్గర ఉండాలి. మసిని పట్టే ఫిల్టర్ (డీపీఎఫ్) ఉన్న బండిలో దాని ముందు వెనకల ప్రెషర్ తేడా సున్నా ఉండాలి. ఇంజన్ ఆగి ఉండగానే అబద్ధం చెప్పే సెన్సర్ ఇంజన్ తిరిగేటప్పుడు నిజం ఎలా చెబుతుంది? ఐదు నిమిషాల పని. అయినా ఎవరూ చేయరు, బండి గ్యారేజీకి వచ్చేది వేడిగా ఉన్నప్పుడు కాబట్టి.

బ్యాటరీ కూడా అప్పుడే చూసేయండి. రెండు బ్యాటరీలు కలిపి, ఇంజన్ ఆగి ఉన్నప్పుడు 25 వోల్టుల పైన ఉండాలి. రెంటినీ విడివిడిగా కూడా కొలవండి. ఒకటి 12.7, ఇంకొకటి 11.9 ఉంటే మొత్తం 24.6, పైకి పెద్ద తేడా లేనట్టే కనిపిస్తుంది, సెల్ఫ్ కొట్టేసరికి కూలబడుతుంది. ఇంజన్ తిరుగుతున్నప్పుడు 27.5 నుంచి 28.5 మధ్య ఛార్జింగ్ రావాలి. తర్వాత మీటరు ఒక కొస బ్యాటరీ నెగెటివ్ మీద, ఇంకో కొస ఇంజన్ బ్లాకు మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు దాటిందంటే ఎర్త్ పట్టీ బాగాలేదు. పది పన్నెండు కోడ్లు సంబంధం లేకుండా ఒకేసారి పడ్డాయంటే నేను మొదట చూసేది ఎర్తే. ఇన్ని పార్టులు ఒక్క రోజున కూడబలుక్కుని చెడిపోవు.

చేపల లారీ

కైకలూరు, ఆకివీడు వైపు నుంచి ఐసు పెట్టెల్లో చేపలు వేసుకెళ్ళే బండ్లు ఎప్పుడూ కారుతూనే ఉంటాయి. ఆ నీళ్ళు రోడ్డు మీద పడేముందు ఛాసిస్ మీద పడతాయి. ఛాసిస్ మీద వైరింగ్ ఉంటుంది. అలాంటి ఒక బీఎస్–6 బండి నా దగ్గరికి ఎస్‌పీఎన్ 3226, ఎఫ్‌ఎంఐ 9తో వచ్చింది. సైలెన్సర్ చివరి నాక్స్ సెన్సర్ నుంచి కబురు రావడం లేదని దానర్థం. అంతకుముందు వేరేచోట రెండుసార్లు కొత్త సెన్సర్ వేశారు. వేసిన ప్రతిసారీ కొన్నాళ్ళు బాగానే ఉండి మళ్ళీ లైటు. ఓనర్ మూడో సెన్సర్ కొనుక్కునే వచ్చాడు, సీలు విప్పకుండా సంచిలో పెట్టుకుని.

కప్లర్ ఊడదీసి మీటరు పెడితే 24 వోల్టులు చూపించింది. అందరూ మోసపోయేది ఇక్కడే. మీటరు కరెంటు లాగదు కాబట్టి ఒక్క రాగి పోగు మిగిలినా ఫుల్ వోల్టేజీ చూపిస్తుంది. నాక్స్ సెన్సర్‌లో హీటరు ఉంటుంది, అది కరెంటు బాగా లాగుతుంది. అందుకని ఆ పవరు, ఎర్తు పిన్నుల మధ్య 24 వోల్టుల 21 వాట్ల ఇండికేటర్ బల్బు కట్టి, బల్బు వెలుగుతుండగా కొలిచాను. బల్బు ఎర్రగా నీరసంగా వెలిగింది, మీటరు 15 దగ్గరికి పడిపోయింది. వైరు వెంట వెనక్కి వెళ్తే, ఐసు నీళ్ళు కారే చోట ఇంకో కప్లర్ ఉంది. విప్పితే రెండు పిన్నుల నిండా పచ్చటి చిలుము. ఒక పిన్ను వేలు తగలగానే విరిగి కింద పడింది. కొత్త సెన్సర్ వేసిన ప్రతిసారీ హార్నెస్ (వైర్ల కట్ట) అటూ ఇటూ లాగడంతో ఆ చిలుము కాస్త రాలి, కాంటాక్టు కొన్నాళ్ళు బతికేది. బాగైంది సెన్సర్ వల్ల అనుకున్నారు.

పిన్నులు మార్చి, వైరు మంచి భాగం దాకా కత్తిరించి, కప్లర్‌ని ఛాసిస్ లోపలి వైపు పైకి కట్టేశాను. సంచిలో ఉన్న సెన్సర్ ఓనర్ వాపసు ఇచ్చుకున్నాడు.

బల్బు పెట్టి కొలిచే ఈ పద్ధతి పవరు వైర్లకూ, ఎర్త్ వైర్లకూ మాత్రమే. 5 వోల్టుల సెన్సర్ వైర్ల మీద, ఈసీఎం సిగ్నల్ వైర్ల మీద బల్బు పెట్టారో, ఈసీఎం కాలుతుంది. వాటికి మీటరే. మూడు వైర్ల ప్రెషర్ సెన్సర్ కప్లర్ ఊడదీసి తాళం ఆన్ చేస్తే ఒకదానిలో 5 వోల్టులు రావాలి, ఒకటి ఎర్తు, మూడోది సిగ్నల్. కప్లర్ పెట్టి ఇంజన్ నడిపితే సిగ్నల్ అర వోల్టుకీ నాలుగున్నరకీ మధ్య కదలాలి. ఆ కదలికను చూస్తూ, క్లీనర్ చేత హార్నెస్‌ను మూర మూరకీ పట్టి ఊపించండి. ఎక్కడ ఊపితే రీడింగ్ ఎగిరి పడుతుందో అక్కడ టేపు విప్పాలి.

మెసేజీలు రాని కోడ్లు చాలా సెన్సర్లకు ఒకేసారి వస్తే, సెన్సర్లూ ఈసీఎమూ మాట్లాడుకునే క్యాన్ లైను చూడండి. బ్యాటరీ తీసేసి, 16 పిన్నుల సాకెట్టయితే సాధారణంగా 6, 14 పిన్నుల మధ్య, 9 పిన్నుల గుండ్రటి సాకెట్టయితే సి, డి పిన్నుల మధ్య ఓమ్స్ కొలవాలి. 60 రావాలి. 120 వస్తే చివర ఉండే రెండు రెసిస్టర్లలో ఒకటి లైనులో లేదు.

సెకండ్ హ్యాండ్ బండిలో ముందు ఓనర్ సరదాలు కూడా లెక్కలోకి తీసుకోవాలి. పాటల సెట్టు, కేబిన్ మీద రంగు లైట్లు, గాలి హారన్లు, ఇవన్నీ ఎక్కడి నుంచి కరెంటు తాగుతున్నాయో చూడండి. ఫ్యూజు పెట్టె వెనక ఈసీఎం వైరుకే చుట్టి టేపు వేసినవి చూశాను. బాడీ కట్టించేటప్పుడు బ్యాటరీ టెర్మినళ్ళు, ఈసీఎం కప్లర్లు తీయకుండా వెల్డింగ్ కొట్టిన బండ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు.

డీజిల్ వైపు

లోడు మీద రైలు ప్రెషర్ పడిపోతోందని తేలితే, చవకైన దాని నుంచి ఖరీదైన దాని వైపు నడవండి. వాటర్ సెపరేటర్ కింద నట్టు విప్పి గాజు సీసాలో పట్టండి. నీళ్ళుంటే అడుగున గీత గీసినట్టు కనిపిస్తాయి. ఫిల్టర్లు ఎప్పుడు మార్చారో తెలియకపోతే మార్చేయండి, ఆలోచించక్కర్లేదు. ట్యాంకు మూత గాలి రంధ్రం మట్టితో మూసుకుపోతే బండి గంటసేపు బాగా నడిచి ఆ తర్వాత నీరసిస్తుంది. అనుమానమొస్తే మూత కాస్త వదులు చేసి ఖాళీ చోట ఒక రౌండు నడిపి చూడండి. ట్యాంకు నుంచి పంపుకొచ్చే లైనులో ఒక మూర పొడవున తెల్లటి పారదర్శక పైపు కలిపి చూస్తే గాలి బుడగలు కంటికే కనిపిస్తాయి. డీజిల్ బయటికి కారకుండానే గాలి లోపలికి దూరే చోట్లు ఆ లైనులోనే ఉంటాయి.

ఇవన్నీ బాగుంటేనే ఇంజెక్టర్ల రిటర్న్ కొలవాలి. ఒక్కో ఇంజెక్టర్ రిటర్న్‌కీ ఒక్కో సీసా తగిలించి, ఇంజన్‌ని ఐడిల్‌లో కాసేపు నడిపితే, మిగతా వాటికంటే ఒక దాంట్లో బాగా ఎక్కువ నిండిందంటే ఆ ఇంజెక్టర్ ప్రెషర్‌ని లోపలే వదిలేస్తోంది. పంపు చివరన.

ఇక్కడ పాత మేస్త్రీలకు ఒక మాట. పాత ఇన్‌లైన్ పంపుల రోజుల్లో ఇంజన్ నడుస్తుండగా నాజిల్ పైపు నట్టు వదులు చేసి ఏ సిలిండర్ కొట్టడం లేదో చూసేవాళ్ళం. కామన్ రైలులో ఆ పని చేయకూడదు. లోడు మీద అందులో 1600 బార్, ఆ పైన కూడా ఉంటుంది. సన్నటి చీలికలోంచి వచ్చే డీజిల్ చర్మాన్ని కోసుకుని లోపలికి పోతుంది. పైకి చీమ కుట్టినట్టే ఉంటుంది గానీ అప్పటికప్పుడు పెద్దాసుపత్రికి పోవాల్సిన గాయం. గాలి తీయాలంటే ఇంజన్ ఆపి, ఫిల్టర్ దగ్గర చేతి పంపుతోనే.

టర్బో వైపు పెద్దగా చెప్పేదేం లేదు. ఇంటర్‌కూలర్ రబ్బరు గొట్టాలకు సబ్బు నీళ్ళు కొట్టి, క్లాంపుల దగ్గర నూనె చెమ్మ ఉందేమో చూడండి. నల్ల పొగ, బూస్ట్ తక్కువ కోడ్, రెండూ కలిసి వస్తే పది బండ్లలో ఎక్కువ వాటికి గొట్టమే.

యూరియా

2020 ఏప్రిల్ 1 నుంచి రిజిస్టరైన బీఎస్–6 లారీలు కొనేవాళ్ళకు తలనొప్పంతా ఇక్కడే. యాడ్ బ్లూలో, అంటే పొగలోని నాక్స్‌ను తగ్గించడానికి పోసే ద్రావణంలో, యూరియా 32.5 శాతం ఉండాలి, మిగతాది మినరల్స్ తీసేసిన శుద్ధమైన నీళ్ళు. డ్రమ్ముల్లో లూజుగా అమ్మేది ఎవరు, ఏ బోరు నీళ్ళతో కలిపారో దేవుడికే ఎరుక. ఆ నీళ్ళలోని లవణాలు ఇంజెక్టర్ రంధ్రాన్ని మూసి, క్యాటలిస్టును పాడు చేస్తాయి. యూరియా కొలిచే రిఫ్రాక్టోమీటర్ పెద్ద ఖరీదేం కాదు. రెండు చుక్కలు గాజు మీద వేసి వెలుతురు వైపు చూస్తే శాతం చెబుతుంది. శాతం సరిపోయినంత మాత్రాన నీళ్ళు మంచివని కాదు, అది ఆ పరికరానికి తెలియదు. సరుకు మంచిదే అయినా ఎండలో నిలవుంటే చెడుతుంది. 35 డిగ్రీల దగ్గర ఆరు నెలలే దాని ఆయుష్షు, మన మే నెల సంగతి మీకు తెలుసు. రేకుల షెడ్డులో ఏడాది పాటు ఉన్న క్యాను పోయకండి.

ఎస్‌పీఎన్ 4364 లేదా పి20ఈఈ వస్తే సెన్సర్ కొనకముందు యూరియా ఇంజెక్టర్ విప్పి చూడండి. కొసకు తెల్లగా ఉప్పులా గడ్డకట్టి ఉంటే గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టండి, గీకకండి. స్కానర్‌లో డోసింగ్ టెస్ట్ ఉంటే గుర్తులున్న గ్లాసులో పట్టి కంపెనీ చెప్పిన కొలతతో పోల్చండి. సైలెన్సర్ జాయింట్ల దగ్గర మసి చారలుంటే ముందు ఆ లీకు మూయాలి, బయటి గాలి కలిస్తే నాక్స్ రీడింగ్ నమ్మలేం. ఈ లైటును వదిలేస్తే ఈసీఎం పికప్ తగ్గిస్తుంది, ఇంకా వదిలేస్తే బండిని గంటకు 20 కిలోమీటర్ల వేగానికి దించుతుంది.

డీపీఎఫ్ బండి ఊళ్ళోనే తిరిగే టిప్పరయితే, మసిని కాల్చేసే రీజనరేషన్ సగంలో ఆగిపోయి మసి పేరుకుంటుంది. స్కానర్‌తో పార్కింగ్ రీజన్ చేయించండి, ఎండుగడ్డికీ గోనెసంచులకీ దూరంగా ఆపి. అంతకుముందు ప్రెషర్ తేడా కొలిచే రెండు సన్న గొట్టాలు చీలాయేమో చూస్తే మంచిది.

కొనబోయే బండయితే

తాళం తిప్పగానే ఇంజన్ బొమ్మ ఒకసారి వెలగాలి, స్టార్టయ్యాక ఆరాలి. తిప్పినప్పుడు అసలు వెలగకపోతే ఎవరో దాన్ని చంపేశారు. స్కానర్‌లో రెడీనెస్ అని ఉంటుంది, ఈసీఎం తన సొంత పరీక్షలు పూర్తిచేసిందో లేదో అది చెబుతుంది. అక్కడ అన్నీ "నాట్ రెడీ" అని ఉంటే ఆ పొద్దునే ఎరేజ్ కొట్టి మీ ముందు నిలబెట్టారని అనుమానించండి. చిన్న బండ్లలో ఎరేజ్ అయ్యాక ఎన్ని కిలోమీటర్లు నడిచిందో కూడా చూపిస్తుంది. ఛాసిస్ వెంట యూరియా ట్యాంకు దగ్గర, నాక్స్ సెన్సర్ వైర్ల మధ్య కంపెనీది కాని చిన్న నల్ల డబ్బా ఏదైనా కట్టి ఉందేమో చేత్తో తడిమి చూడండి. యూరియా పోయకుండా ఈసీఎంని నమ్మించే డబ్బా అది. చట్టప్రకారం నేరం, ఫిట్‌నెస్ దగ్గర దొరికితే ఇరుక్కునేది మీరే. దాన్ని తీయించి మళ్ళీ అసలు పద్ధతికి తేవాలంటే నాక్స్ సెన్సర్లు, యూరియా పంపు, ఒక్కోసారి ఈసీఎం సాఫ్ట్‌వేర్ కూడా చూసుకోవాలి. ఆ ఖర్చు బేరంలో తగ్గించకపోతే ఆ బండి వదిలేయమనే చెబుతాను.

పని అయ్యాక ఎరేజ్ కొట్టి, లోపం ఏ పరిస్థితిలో వచ్చేదో ఆ పరిస్థితిలోనే బండి తిప్పండి. లోడు మీద వచ్చేదైతే లోడుతో, రెండ్రోజులకి వచ్చేదైతే రెడీనెస్ మొత్తం "రెడీ" అయ్యేదాకా. కొత్త ఇంజెక్టర్ వేయించుకున్నవాళ్ళు దాని మీద చెక్కిన కోడ్‌ని స్కానర్‌తో ఈసీఎంలోకి ఎక్కించారో లేదో అక్కడే అడిగి చూపించమనండి. నాక్స్‌కి సంబంధించిన కొన్ని పాత కోడ్లు స్కానర్‌తో పోవు, 'ప్రీవియస్' కింద కొన్నాళ్ళు కూర్చుంటాయి. లైటు ఆరి, అది యాక్టివ్‌లో లేకపోతే దాని జోలికి పోనక్కర్లేదు. ఎర్ర స్టాప్ లైటు వచ్చినా, ఆయిల్ ప్రెషర్ పడిపోయినా ఈ పరీక్షలేవీ రోడ్డు మీద పెట్టుకోవద్దు. బండి పక్కకు తీసి, ఇంజన్ ఆపి, ఫోను చేయండి.